ఉకైర్ దారిలో పచ్చ కారు

అరబ్బు దేశపు ఎడారిలో, హుఫూఫ్ ఊరి చివర, కార్ల షెడ్లన్నీ ఒక్కచోట ఉండే సనయ్యలో ఆ వేసవికి సగం షట్టర్లు మూతపడ్డాయి. రాజేశం పనిచేసే షెడ్డు, స్థానికులకు ఇన్ని కొలువులివ్వాలని సర్కారు పెట్టిన నితాకత్ లెక్కలో ఎర్ర రంగులోకి జారింది. దానికి తోడు పరాయి దేశపు మనిషికింత అని కట్టే పన్ను ఏడాదికేడాది పెరుగుతుంటే, వీసా ఇచ్చిన యజమాని కఫీల్ పనివాళ్లను ఒక్కొక్కరినే ఇంటికి పంపించాడు. ఏడుగురిలో రాజేశం ఒక్కడే మిగిలాడు. అతనికీ వచ్చే నెల ఎగ్జిట్, ఇక ఇంటికే అని చెప్పేశారు.

పదకొండేళ్లు చేతికి గ్రీజు వదలని మనిషి ఖాళీగా కూర్చునేసరికి, మెలకువో మగతో తెలియకుండా రోజులు గడిచాయి. గుమ్మంలో స్టూలు వేసుకుని, ఎండకు రోడ్డు మీద నీళ్లలా మెరిసే ఆవిరిని చూస్తుండేవాడు. అవి నీళ్లు కావని తెలుసు. అయినా చూసేవాడు.

ఒక మధ్యాహ్నం ఆ మెరుపులోంచి పచ్చ కారు ఒకటి తేలుతూ వచ్చింది. పొడుగాటి ముక్కు, రెండే తలుపులు, ఎనిమిది సిలిండర్లు. దాదాపు యాభై ఏళ్ల నాటి అమెరికా బండి. నడుపుతున్నది అరవై దాటిన ఆడమనిషి. ఆడవాళ్లు బండి నడపవచ్చని హుకుం అమల్లోకి వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. పక్క షెడ్డు పాకిస్తానీ పానా కింద పెట్టి మరీ చూశాడు.

"అబ్బ, ఏం బండి గిది!" అనుకున్నాడు రాజేశం పైకే.

"తెలుగోడివా అన్నా? బతికిపోతిమి పో," అంది వెనక సీట్లోంచి దిగిన ఆవిడ.

ఆమె పేరు గురవమ్మ, రాయచోటి మనిషి. పద్నాలుగేళ్లుగా ఆ పెద్దావిడ ఇంట్లోనే పని. నడిపిన పెద్దావిడ ఉమ్ ఖాలిద్. ఇళ్లలో పనిచేసే అందరిలాగే గురవమ్మ కూడా యజమానురాలిని అమ్మ అనే అర్థంలో మామా అనీ, ఆమె భర్తను బాబా అనీ పిలిచేది. బాబా పోయిన చలికాలంలో చనిపోయాడు. కారు ఆయనది.

"మెల్లగ పోతే బంగారు మాదిరి పోతాది. గట్టిగ తొక్కినామా, ఊపిరాడనట్ల దగ్గి నిలబడతాది. పంపు కొత్తది ఏపిచ్చినాం. అయినా అంతే," అంది గురవమ్మ.

ఎండకు పెట్రోలు ఆవిరవుతుందని పాకిస్తానీ తేల్చేశాడు. రాజేశం బానెట్ మూసి, "గట్లయితే చల్లటి పూట చూద్దాం. తెల్లారంగ రమ్మను అక్కా," అన్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా ముగ్గురూ ఊరు దాటి, ఎడారిలోకి పోయే ఉకైర్ దారి పట్టారు. పంపు నుంచి ఇంజన్‌కు పోయే గొట్టానికి రాజేశం ఒక ప్రెజర్ మీటరు తగిలించి, దాన్ని బానెట్ సందులోంచి పైకి తెచ్చి, ముందు అద్దానికి టేపుతో అంటించాడు. లోపల కూర్చుంటే దాని ముల్లు కనబడుతుంది. రెండు పక్కలా లేత బూడిదరంగు ఇసుక, దాని మీద ఎక్కడ మొదలైందో తెలియని ఆకాశం. ముల్లు ఆరు మీద సన్నగా వణుకుతోంది.

"ఇగ తొక్కుమను."

ఉమ్ ఖాలిద్ తొక్కింది. బండి ఒక్క ఊపున ముందుకు దూకింది. ముల్లు ఐదు, మూడు, ఒకటి... ఇంజన్ దగ్గి ఆగిపోయింది. శబ్దం పోయినా కారు ఇంకా సాగుతూనే ఉంది. గాలి ఒక్కటే వినిపిస్తోంది. రోడ్డుకు అడ్డంగా ఇసుక పొగలా పాకుతోంది. తాము నేల మీద ఉన్నామో లేదో కూడా రాజేశానికి తోచలేదు. ఆ నిశ్శబ్దంలో, కోరుట్ల దగ్గర వాళ్ల బావి మీది ఆయిల్ ఇంజన్ గుర్తొచ్చింది. అడుగున జల్లెడకు నాచు పడితే, ఇంజన్ మెల్లగా నడిచినంతసేపూ నీళ్లు వచ్చేవి. వేగం పెంచగానే నీళ్లు గుంజే రబ్బరు పైపు చదునుగా అతుక్కుపోయేది.

"పంపుది తప్పు కాదక్కా. దానికి ఎన్కనుంచే అందుతలేదు," అన్నాడు.

బండి మెల్లగా షెడ్డు చేరాక ట్యాంకు దించాడు. లోపలి జల్లెడ తుప్పు మడ్డితో పూడిపోయి ఉంది. ట్యాంకు నుంచి పంపుకు పోయే రబ్బరు గొట్టం పైకి బాగానే ఉంది, లోపల మాత్రం ఉడికిన వంకాయలా మెత్తబడింది. ఒక కొస వేలితో మూసి రెండో కొసన నోటితో గుంజి చూపించాడు. గొట్టం నాలుకలా చదునైపోయింది.

ఉమ్ ఖాలిద్ ఏదో అడిగింది. గురవమ్మ తెలుగులో చెప్పింది: "బాబా ఉన్నెప్పుడు ఎప్పుడూ ఇట్ల కాలేదంట. ఈ కొన్ని నెలల్లోనే చెడిపోయిందా అంటాంది."

"నెలలది కాదక్కా. ఇది పదేండ్ల సంది ఇట్లనే ఉండాలె."

 గురవమ్మ తలగుడ్డ కొసతో చేతులు తుడుచుకుని, ఆ మాట అరబ్బీలో చెప్పి ఇంకొకటి చేర్చింది. బాబా ఏనాడూ గట్టిగా తొక్కలేదు, వెనక కూర్చున్నదాన్ని నాకు తెలుసు మామా, అని.

ఉమ్ ఖాలిద్ ఆ గొట్టాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. తర్వాత ఆమె అన్న మాటలు గురవమ్మ రాజేశానికి గొంతు తగ్గించి చెప్పింది: "నలభై ఏండ్లు ఆయన పక్కన కూచునిందంట. తనకు భయమేస్తాదని ఆయన మెల్లగ తోల్తాండాడు అనుకునిందంట. ఒక్కసారన్నా గట్టిగ తోలు అని అడగల్ల అనుకునేదంట. అడగనే లేదంట."

కొత్త గొట్టం, కొత్త జల్లెడ వేసి, ట్యాంకు కడిగి ఎక్కించడానికి రెండు రోజులు పట్టింది. మళ్లీ తెల్లవారుజామున అదే దారి. ఈసారి ఉమ్ ఖాలిద్ చెప్పించుకోకుండానే తొక్కింది. ముల్లు ఐదుకు దిగి, అక్కడే నిలబడింది. సీటు రాజేశాన్ని వెనక్కి లాగేసుకుంది. "యెంకటరమణా!" అని కళ్లు మూసుకుంది గురవమ్మ. ఉమ్ ఖాలిద్ చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, కాలు మాత్రం తియ్యలేదు. సముద్రం వచ్చేదాకా ఆగలేదు.

ఉకైర్‌లో పాత రేవు గోడల పక్కన కారు ఆపి, ఆవిడ ఒక్కతే నీళ్ల దాకా నడిచి వెళ్లింది. రాజేశం దిగి నిలబడిపోయాడు.

"ఏమన్నా, అట్ల జూస్తాండావు?" అంది గురవమ్మ.

"నేనెప్పుడు సముద్రం చూడలేదక్కా. హుఫూఫ్‌ల పదకొండేండ్లుంటి. గంట దూరమే. ఎవ్వలూ చెప్పలే, నేనూ అడగలే."

అతను బూట్లు విప్పి మోకాళ్ల లోతు దాకా వెళ్లాడు. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. అలలు కూడా పెద్దగా లేవు. ఏదో నిద్రలో నడుస్తున్నట్టు తీరం వెంట చాలా దూరం వెళ్లి తిరిగొచ్చాడు.

అప్పటికి ఉమ్ ఖాలిద్ ఒక నిర్ణయానికి వచ్చింది. "ఇంటి డ్రైవర్ అని ఈడ ఉండేదానికి నీకుండే ఇకామా కాగితం తన పేరు మీదికి మార్పిచ్చుకుంటాదంట. ఇంటి మనుషులకు ఆ పన్ను లేదంట. తోలేది తనే, నువ్వు బండి జూసుకుంటే సాలంట," అంది గురవమ్మ ఆశగా.

 మొన్నటి దాకా ఆ మాట కోసం ఎన్ని ఆఫీసులు తిరిగాడో రాజేశానికే తెలుసు. కాని ఇప్పుడు లోపల ఎక్కడా ఉరుకులాట లేదు.

"దండం పెట్టిన అని చెప్పక్కా. ఇగ ఇంటికే పోత. మా ఇంటామె స్వర్ణ, పిల్లలు గూడ సముద్రం చూడలే."

ఉమ్ ఖాలిద్ విని, తల ఊపి కారెక్కింది.

ఉన్న నాలుగు వారాల్లో అతను గురవమ్మకు జల్లెడ కడగడం, క్లిప్పులు బిగించడం నేర్పాడు. మొదట నవ్వింది, తర్వాత పట్టు దొరికింది. ఎగ్జిట్ రోజున పచ్చ కారే అతన్ని దమ్మామ్ ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లింది. ఖర్జూరం తోటలు దాటాక ఇంజన్ గొంతు పెరిగింది. దాన్ని వింటూ వింటూ రాజేశం నిద్రలోకి జారిపోయాడు. దమ్మామ్ వచ్చేదాకా వాళ్లు లేపలేదు.