సగం చంద్రుడి పోటు

చెల్లెలి సంచి అక్కే సర్దింది. బట్టలు మడిచి అడుగున పెట్టింది, పక్కన దువ్వెన, తువ్వాలు దోపింది. చెల్లెలు పరీక్షకి నీళ్లు పట్టే ఖాళీ సీసాలు మాత్రం బయటే వదిలేసింది. రెండు రోజులుగా వాటి వంక చూడాలంటేనే భయం.

చెల్లెలిది అఖాతంలో నీళ్లు పరీక్షించే ఉద్యోగం. అక్క మొగుడు ఆ అఖాతంలోనే, లోపలి మూలన, వల పంజరాల్లో చేపలు పెంచుతాడు. వారం కిందట అన్నం తింటూ చెల్లెలు చెప్పింది.

"బావా, పంజరాలు సముద్రం వైపు లాగించు. సగం చంద్రుడప్పుడు పోటుకి బలం ఉండదు. మన మూలనున్న నీళ్లు కాస్త దూరం పోయి మళ్లీ అవే వెనక్కొస్తాయి. ఈ ఎండలకి చేపలకి ఊపిరాడదు."

"మరదలికి మొగుడు దొరకలేదు గానీ చంద్రుడు బాగానే దొరికాడు," అని నవ్వాడు బావ.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, నీళ్లలో ప్రాణవాయువు కొలిచే మీటరు ఆమె చేతిలోంచి లాక్కుని బావ తనే మోచేతి లోతున ముంచాడు. ఎండకి పైనున్న నాచు ప్రాణవాయువు వదిలే వేళ అది. అంకె గొప్పగా వచ్చింది.

"చూశావా, నీళ్లు బంగారం!"

"అడుగున ముంచు బావా. తెల్లవారుజామున ముంచు. రాత్రంతా ఆ నాచే ప్రాణవాయువు పీల్చేస్తుంది."

"నీకు నిద్ర పట్టకపోతే నన్నెందుకు లేపుతావ్?"

సగం చంద్రుడు వచ్చాడు. తెల్లారేసరికి పంజరాల నిండా చేపలు వెల్లకిలా తేలాయి. రేవులో జనం మూగారు.

"ఈవిడ మొన్న నా పంజరం పక్కన మందు చుక్కలు వేసింది! మీరంతా చూశారు. పరీక్షట, పరీక్ష! విషం కలిపింది!" అని బావ గొంతు చించుకున్నాడు.

మందు వేసిన మాట నిజమే. పట్టిన నీళ్లు ల్యాబుకి చేరేదాకా మారిపోకుండా సీసాలో వేసే మందు అది. ఆ రోజు పడవలో చెల్లెలి పక్కన కూర్చుని ఆ సీసా పట్టుకున్నది అక్కే. ఒక్క చుక్క బయట పడలేదు. మూత బిగించిందీ తనే.

"అక్కా, నువ్వు పడవలో ఉన్నావుగా. చెప్పవే," అంది చెల్లెలు.

అందరూ అక్క వైపు తిరిగారు. మొగుడూ చూశాడు. రాత్రికి మళ్లీ ఆ ఇంటికే పోవాలి తను.

"నేనటు చూడలేదు," అంది అక్క.

ఎవడో చచ్చిన చేప విసిరాడు. అది చెల్లెలి చెంపకి తగిలింది. ఇంకెవడో ఈలేశాడు. సాయంత్రానికి ఉద్యోగమూ ఊడింది.

ఇప్పుడు సంచి గుమ్మంలో పెట్టి, "గొడవ చల్లారాక వద్దువుగాని," అంది అక్క.

"దువ్వెన పెట్టావా?"

"పెట్టాను."

చెల్లెలు సంచి భుజానికి తగిలించుకుంది.

"సాగనంపడం అయిందా? నాకు ఆకలేస్తోంది," అని లోపల్నుంచి కేకేశాడు బావ.

కొత్త చేపపిల్లలు వేసేముందు అతను పంజరాలన్నీ సముద్రం వైపు లాగించాడు. ఎందుకని రేవులో ఒక్కరూ అడగలేదు.

ఎండాకాలం అయిపోయి మొదటి వాన పడింది. ఆ రోజు సంచితో వెళ్లిన చెల్లెలు మళ్లీ రాలేదు.