వెనక సీట్లో వాన

ఉదయగిరిలో మధ్యాహ్నం మూడు కాగానే మూడు పనులు జరిగేవి. బస్టాండు దగ్గర టీ అంగట్లో రెండో విడత పాలు పొంగేవి, ఆత్మకూరు బస్సు బయల్దేరేది, జనార్దనయ్య కారులో వాన పడేది. వీటిలో బస్సొక్కదాన్నే నమ్మడానికి లేదు.

బయట వాన పడి మూడేళ్ళు. కొండ మీద గడ్డి మాడిపోయి, బావుల్లో అడుగు రాళ్ళు బయటపడ్డాయి. కారులో మాత్రం రోజూ అరగంట. టాపు కింద జానెడు మబ్బు పట్టేది. పిల్లి గురక లాంటి ఉరుము ఒకటి వినపడేది. ఆ తర్వాత వెనక సీటు మీద, కచ్చితంగా వెనక సీటు మీదనే, వాన. ముందు కూర్చున్న డ్రైవరు ఖాజావలి చొక్కా మీద ఒక్క చినుకు పడేది కాదు. ఇదెట్టా అని అడిగినవాళ్ళు ఊళ్ళో లేరు. ఒకరి బర్రె దూడ చచ్చినా పాలిస్తుంది, ఇంకొకరి బర్రె తన్నుతుంది. దానికెవరైనా కారణాలు వెతుకుతారా?

జనార్దనయ్య పంచాయతీ సమితి మెంబరు, పైగా కల్వర్టుల కాంట్రాక్టరు. ఆయన కట్టించిన కల్వర్టుల కింద నీళ్ళు పారే భాగ్యం ఎటూ లేదు గనక అవి ఇంకా నిలిచి ఉన్నాయి. ముందు సీట్లోకి మారితే తడిసే బాధ తప్పుతుందని ఖాజావలి ఒకసారి చెప్పి చూశాడు.

"డ్రైవరు పక్కన కూర్చుంటే నన్ను క్లీనరనుకుంటారు రా" అన్నాడు జనార్దనయ్య.

అంతటితో ఆగలేదు. డ్రైవరు చెమట వాసన తన దాకా రాకూడదని ముందు సీటు వెనక, అడుగు నుంచి మెడ ఎత్తు వరకు అడ్డంగా రేకు కొట్టించాడు. ఆ రేకు వెనక, గంజి పెట్టిన పంచెలో, నల్ల గొడుగు విప్పుకుని కూర్చునేవాడు. ఊరు ఊరంతా ఆకాశం వంక చూస్తుంటే తన నెత్తిన పడే వానను గొడుగుతో ఆపుకున్న మహానుభావుడు ఈ జిల్లా మొత్తానికి ఆయనొక్కడే.

ఆ నీళ్ళు కారు అడుగు రేకు మీద నిలిచాయి, తుప్పు పట్టించాయి, చిల్లులు చేసుకున్నాయి, కిందికి కారాయి. కారెక్కడ ఆగితే అక్కడ మడుగు. ఆ మడుగుల మీద బతికాయి మాలకొండమ్మ గొర్రెలు.

మాలకొండమ్మకు మొగుడు పోయాడు, ముప్పై రెండు గొర్రెలు మిగిలాయి. ఈ బేరంలో తనకేమీ నష్టం రాలేదని ఆమే చెప్పేది. కొండ కింద దొడ్డి. రెండున్నర దాటితే గొర్రెలు వాటంతటవే లేచి కారు ఎక్కడుందో వెతుక్కుంటూ పోయేవి. తాలూకాఫీసు ముందున్నా సరే, కరణం గారి అరుగు ముందున్నా సరే, కారు కింద తలలు దూర్చి తాగేవి.

"నా కారు కింద నీ గొర్రెలకేం పని?" అన్నాడు ఒకరోజు జనార్దనయ్య గొడుగు కింద నుంచి.

"కారుతో వాటికేం పని అయ్యా. నీళ్ళ కోసం వచ్చినాయి."

"నీళ్ళు మాత్రం ఎవరివి?"

మాలకొండమ్మ ఆయన్నీ గొడుగునీ ఒకసారి ఎగాదిగా చూసింది. "నీకు అక్కర్లేనివి" అంది.

ఆ మాట ఆయన కడుపులో పడి ఉండిపోయింది. ఆ శనివారమే తుప్పు కూడా తన పని తాను పూర్తి చేసింది. కారు దిగబోతూ కాలు ఆనిస్తే అడుగు రేకు అప్పడంలా విరిగింది. పాదం పైకొచ్చింది, కొత్త చెప్పు రోడ్డు మీదికి పోయింది. దాన్ని ఒక గొర్రె వాసన చూస్తూ నిలబడింది. అప్పుడు కబురుపెట్టాడు రహీమాబీకి.

రహీమాబీ మొగుడు మహబూబ్ బాషా బస్సుల టాపులకు తారు పూసేవాడు. పేరు అతనిది, పనితనం ఆమెది. అతను పోయాక ఊరికి ఆ సంగతి తెలిసొచ్చింది. ఆమె పూసిన రేకు పదేళ్ళకైనా తుప్పు పట్టదు. ఆమె నోరు కూడా అంతే.

ఆమె కారులో దూరి, చిన్న సుత్తితో అడుగంతా కొట్టి విని, బయటికొచ్చింది.

"సగం రేకు చచ్చిపోయింది. అతుకెయ్యాల. తుప్పంతా గీకి, రెడాక్సైడు కొట్టి, ఆ పైన పూత. మూడు రోజులు. అడుగున కంపెనీవాడు పెట్టిన బొక్కలు నాలుగుండాయి. వాటిని వదిలేస్తా. పైన పడిన నీళ్ళు పోవాల గదా."

"యాడికి పోవాల? ఆ గొర్రెల నోట్లోకా?"

"యాడికైనా. నిలవకుండా పోవాల."

"మూసెయ్" అన్నాడు జనార్దనయ్య. "ఒక్క చుక్క బయటికి పోకూడదు."

"బొక్కలు మూసినా తలుపుల సందుల్లో పోతాది అయ్యా."

"సందులు కూడా మూసెయ్."

"దోవ లేకుండా పూస్తే నీళ్ళు–"

"తారు పూసుకునేదానివి, నువ్వు నాకు చెప్పేదేందే? ఒక్క చుక్క పోకూడదన్నానా? అంతే."

రహీమాబీ పమిట బొడ్లో దోపుకుంది. "ఖాజావలీ, విన్నావు గదా" అంది.

"విన్నా ఆపా" అన్నాడు ఖాజావలి.

మర్నాడు పని మొదలైంది. పాత ఉలితో తుప్పు గీకితే ఎర్రటి పొడి గంపెడు వచ్చింది. అతుకులేయించింది. ఉప్పుకాగితంతో రుద్ది, కిరసనాయిలు గుడ్డతో తుడిచింది. తారు డబ్బాలో సైకిలు ట్యూబుల ముక్కలు వేసి కరిగేదాకా కాచింది. సన్నగా జల్లించిన పెన్న ఇసక కలిపింది. ఆ వాసనకు వీధిలో కుక్కలు వీధి మారాయి. ఊళ్ళో పెద్దమనుషులు మాత్రం చుట్టూ చేరి సలహాలు చెప్పారు. ఒక్కడూ బ్రష్షు పట్టుకుని ఎరగడు.

మూడింటికి పని ఆపి, టాపు కింద వాలుగా ఒక పట్టా కట్టేది. వాన దాని మీద పడి కిటికీలోంచి బయట పెట్టిన తొట్టిలోకి జారేది. గొర్రెలు వచ్చి తాగేవి. మొదటి రెండు రోజులూ మాలకొండమ్మ దూరంగా నిలబడి చూసింది. మూడో రోజు దగ్గరికొచ్చింది.

"రేపట్నించి ఈ తొట్టి ఉండదు గదా?"

"ఉండదు."

"చేజర్ల బేరగాడు అంకారావు శుక్రవారం లారీ తెస్తానన్నాడు. తోలు ధరకి అడగతాండాడు. నీళ్ళు లేకపోతే ఇచ్చెయ్యాల్సిందే. ఇచ్చేసి నెల్లూరు పోయి ఎవరింట్లోనో అంట్లు తోముకోవాల." ఆమె గొంతు తగ్గించింది. "ఒక్క బొక్క వదలవే రహీమా. వేలెడు. ఎవురు చూస్తారు?"

"నేను చూస్తా" అంది రహీమాబీ. బ్రష్షు ఆపలేదు. "నా చేతి పనిలో చిల్లి పెట్టమంటావా? నీ గొర్రెకి మూడు కాళ్ళు చాల్లే అంటే ఊరుకుంటావా నువ్వు?"

"ఆ దొంగనాయాలి మాటకి ఇంత విలువా?"

"వాడి మాటకి కాదు. అడుగు, తలుపులు, సందులు, అన్నీ చెప్పినాడు. చెప్పినట్టే చేస్తా. ఇంతకంటే బాగా ఎవురూ చెయ్యలేనట్టు చేస్తా."

మాలకొండమ్మ గుప్పెడు దుమ్ము తీసి కారు మీద కొట్టింది. "నీ చేతులు పడిపోను" అని పోయింది. రహీమాబీ దుమ్ము తుడిచి, నాలుగో బొక్క మీద రెండో పూత వేసింది. వెనక తలుపుల అంచులకు ట్యూబు రబ్బరు వరసగా అంటించింది. అడ్డరేకు మొదట్లో, చివర్లో, మూలల్లో వేళ్ళతో నొక్కి నొక్కి పూసింది. చీకటి పడేసరికి కారు వెనక భాగం నల్లగా, గరుగ్గా, ఏనుగు తోలులా తయారైంది. బిందెడు నీళ్ళు పోసి చూశారు. తెల్లారేదాకా నీళ్ళు అట్లాగే ఉన్నాయి.

బుధవారం జనార్దనయ్యకు జీవితంలో ముఖ్యమైన రోజు. సమితి ప్రెసిడెంటు పదవికి పార్టీ తరఫున ఎవరిని నిలబెట్టాలో తేల్చడానికి నెల్లూరు నుంచి పార్టీ పెద్ద ఆత్మకూరు బంగళాకు వస్తున్నాడు. సాయంత్రం నాలుగింటికి. రెండున్నరకే కారెక్కి బయల్దేరాడు జనార్దనయ్య. కొత్త పంచె, కొత్త కండువా, ఒళ్ళో కాగితాల సంచి. మూడింటికి గొడుగు విప్పాడు.

మూడేళ్ళుగా కురిసింది కురిసినట్టు కారిపోతూ వచ్చింది గనక ఆ వాన ఎంతో ఎవరూ కొలిచి చూడలేదు. ఇప్పుడు చీలమండలు మునిగాయి. పిక్కలు మునిగాయి. ఆయన కాళ్ళు ఎత్తి సీటు మీద పెట్టుకున్నాడు. సీటు మునిగింది. పై నుంచి పడేదాన్ని గొడుగు ఆపుతుంది. కింది నుంచి లేచేదానికి ఏం పట్టుకోవాలో ఆయనకెవరూ నేర్పలేదు. గంజి పంచె గాలి నింపుకుని పైకి తేలింది.

దుత్తలూరు పొలిమేరలో ఖాజావలి బండి నెమ్మది చేశాడు. రేకు మీది నుంచి తొంగి చూశాడు. అతని చొక్కా పొడిగా ఉంది.

"అయ్యా, ఆపి తలుపు తీస్తా. నీళ్ళు పోతాయి. పంచె పిండుకుని పోదాం."

జనార్దనయ్య కిటికీలోంచి చూశాడు. రోడ్డు పక్కన ఎవరివో గొర్రెలు, యాభై దాకా, నాలుకలు బయటపెట్టి నిలబడి ఉన్నాయి.

"ఇప్పుడు తలుపు తీస్తే ఆ నీళ్ళు ఏమౌతాయి రా?"

"గొర్రెలు తాగతాయి."

"అయితే పోనీ."

"అయ్యా, నడుం దాకా వచ్చినాయి."

"పోనీ రా."

మనిషి అహం ఎంత లోతో కొలవడానికి వేరే సాధనం అక్కర్లేదు. ఆ రోజు అది చంక దాకా వచ్చింది.

ఆత్మకూరు బంగళా మెట్ల మీద పార్టీ పెద్ద, పక్కన దండలు పట్టుకున్నవాళ్ళు, వెనక ఊళ్ళ నుంచి వచ్చిన జనం. కారు ఆగింది. బంగళా వాచరు వినయంగా వంగి వెనక తలుపు లాగాడు.

ముందు నీళ్ళు వచ్చాయి. వాటితో పాటు కాగితాలు, కండువా, గొడుగు, ఆఖర్న జనార్దనయ్య. మెట్ల దాకా కొట్టుకొచ్చి పార్టీ పెద్ద కాళ్ళ దగ్గర ఆగాడు. కాళ్ళ మీద పడడానికే వచ్చాడు గనక ఆ విషయంలో ఆయనకు లోటేమీ జరగలేదు.

పార్టీ పెద్ద తన తడిసిన చెప్పులు చూసుకున్నాడు. తర్వాత, కారు తలుపులోంచి ఇంకా కారుతున్న ధార చూశాడు.

"ఉదయగిరోళ్ళు తాగేదానికి నీళ్ళు లేవని మూడేళ్ళుగా నా ప్రాణం తీస్తాండారు. నువ్వు ఇందులో కూర్చుని వచ్చినావా?"

జనార్దనయ్య లేచి పంచె వెతుక్కుంటున్నాడు. "ఈ కారే శని అండీ. నాకొద్దు. అందరి ముందర చెప్తాండా, ఎవురికి కావాలంటే వాళ్ళు తోలుకుపొండి."

జనం విన్నారు. పెద్దమనిషి మాట గనక వెనక్కి తీసుకునే వీల్లేదు. పదవికి దండ ఇంకొకరి మెడలో పడింది. ఆయన ఉదయగిరికి బస్సులో, కండక్టరు చెప్పగా పక్కకు జరిగి జరిగి, ఆఖరి సీట్లో వచ్చాడు.

ఖాజావలి కారు తోలుకొచ్చి మాలకొండమ్మ దొడ్డి ముందు పెట్టాడు. "పెద్దాయన ఎవురికైనా అన్నాడు. నాకు నువ్వే ఎదురుపడినావు" అని తాళంచెవులు దడి మీద తగిలించి పోయాడు.

శుక్రవారం అంకారావు లారీ తెచ్చాడు. తలుపు తెరిచి ఉన్న కారులో ముప్పై రెండు గొర్రెలు వంతుల వారీగా తలలు దూర్చి తాగుతున్నాయి. సీటు పీకేసిన చోట, తలుపు గడప కంటే పల్లంలో, నిన్నటి నీళ్ళు కూడా మిగిలి ఉన్నాయి. అతను కాసేపు చూసి, బీడీ తాగి, ఖాళీ లారీతో చేజర్ల పోయాడు.

ఆ సాయంత్రం రహీమాబీ వచ్చింది. గొర్రెల్ని పలకరించలేదు, మాలకొండమ్మనూ పలకరించలేదు. వంగి, మూల పూతను గోటితో గీకి చూసింది. గీత కూడా పడలేదు.

"చేతులు పడిపోవాలన్నావే" అంది.

"పూసేటప్పుడు అన్న మాట అది. ఇప్పటి లెక్క వేరే" అంది మాలకొండమ్మ. "కూర్చో, మజ్జిగుండాది."

మరుసటి ఏటికి గొర్రెలు నలభై ఆరయ్యాయి. జనార్దనయ్య ఎక్కడికైనా పోవాలంటే బస్టాండులో నిలబడుతున్నాడు. మూడు కాగానే ఆయన చెయ్యి దానంతటదే లేచి గొడుగు విప్పుతుంది. ఆకాశంలో మబ్బు తునక ఉండదు. గొడుగు కింద కాసేపు ఎదురు చూసినట్టు నిలబడతాడు. ఎవరూ నవ్వరు.

మేత నుంచి కారు దగ్గరికి మళ్ళిన గొర్రెల వెనకే కర్ర పట్టుకుని వచ్చిన మాలకొండమ్మ ఆయన ముందు ఆగుతుంది.

"కాస్త జరుగు నాయనా" అంటుంది. "నీళ్ళకి టయమైంది."