చిన్నబాబు టోన్

మా ఫోన్ గుంపులో రూలు ఒకటే. గిటారు మాట గిటారు గదిలో, సోది సోది గదిలో. రెండూ కలిపితే నాకు ఒళ్ళు మండుతుంది. అడ్మిన్ని నేనే కాబట్టి మండితే ఊరుకోను కూడా. రూలు తప్పినోళ్ళు ఆ రోజంతా తమ ఫోటో తీసేసి కాకరకాయ బొమ్మ పెట్టుకోవాల. నాయుడుపేటలో సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్న మాల్యాద్రి ఏడాదిలో సగం రోజులు కాకరకాయే.

నా పేరు గంగాభవాని. నెల్లూరులో మా అన్నతో కలిసి మోటార్‌సైకిల్ స్పేర్‌పార్టుల షాపు చూసుకుంటా. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు కౌంటరు వెనకాల కూర్చుని ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తా. రైతుబిడ్డవి, ఆడదానివి, నీకు ఇదేం పిచ్చని అడిగినోళ్ళు ఉన్నారు. వాళ్ళకి ఇంతవరకు జవాబు చెప్పలా, ఇక చెప్పను. జిల్లాలో నా బోటి పిచ్చోళ్ళందరినీ పోగేసి ఫోన్లో ఈ గుంపు పెట్టినా. జనం చాలామందే ఉన్నారు గానీ నోరున్నోళ్ళు మాత్రం మాల్యాద్రి, కాలేజీలో ఫిజిక్సు చెప్పే పెంచలకృష్ణ, ముత్తుకూరు అవతల చేపల వేటకి పోయే చిన్నబాబు.

చిన్నబాబు పిల్లోడప్పటి నుంచి డీజిలు బోటులో ఇంజను పక్కనే కూర్చుని సముద్రం మీదికి పోతాడు. తీరం మీద ఏ ఊళ్ళో గంగమ్మ తిరునాళ్ళు జరిగినా ఆర్కెస్ట్రాలో గిటారు అతనిదే. గుంపులో మేం ఎంత వాగినా, చెయ్యి మాత్రం అతనిదే చెయ్యి. ఆ సంగతి మాకందరికీ తెలుసు, పైకి ఎవరం ఒప్పుకోం.

సోది గదిలో మా యుద్ధాలు చూస్తే మీకు నవ్వొస్తుంది. ఒకసారి చేపల పులుసులో మామిడికాయ వెయ్యాలా వద్దా అని మొదలైంది. పెంచలకృష్ణ వద్దన్నాడు. "సార్, మీరు పప్పు తినే మొహాలు, మీకెందుకు ఈ గొడవ?" అన్నాడు చిన్నబాబు. "మామిడికాయ ఏసి, ఈరోజు వండి, రేపు తినాల. అది తెలీనోడు నెల్లూరోడే కాదు." రెండు రోజులు కొట్టుకున్నారు. పొద్దున లేచి ఫోన్ చూసుకుంటే ఇంకా పులుసే.

ఆ సోదిలోనే చిన్నబాబు తన ఇంటి సంగతులు చెప్పేవాడు. కుక్కర్‌కి గొంతు పోయిందంట. పెళ్ళాం లేనప్పుడు తను పొయ్యి చూసుకుంటే, విజిల్ రాక పప్పు మాడిపోతుందంట. రబ్బరు మార్చినాడు, వెయిట్ మార్చినాడు, చివరికి కొత్త కుక్కరే కొన్నాడు, అదీ మూగదే. పెళ్ళాం వనజాక్షి కూడా ఈ మధ్య గొణగడం నేర్చుకుందంట, గట్టిగా మాట్లాడమంటే కసురుకుంటదంట. "అదృష్టవంతుడివి అన్నా, మా ఇంట్లో గొణుగుడు లేదు, అంతా మైకే" అని మాల్యాద్రి. దాని మీద పెళ్ళాల జోకులు మొదలైనాయి. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు, ఆమె సంసారం మీకెందుకు?" అని నేనే కసిరి ఆపించినా.

గిటారు గదిలో కథ వేరు. చిన్నబాబు ప్రతి ఆదివారం ఒక క్లిప్పు పెట్టి, కింద ఒకే మాట రాసేవాడు. "టోన్ ఎట్టుండాది?" మొదట్లో బాగానే ఉండేది. పోను పోను కీచుమని చెవిలో సూది దిగినట్టు అయిపోయింది. తీగల కింద ఉండే పికప్ మార్చమన్నాడు పెంచలకృష్ణ. కేబుల్ తేడా అన్నాడు మాల్యాద్రి. నేనేమో తీగలు మార్చమన్నా. అతను అన్నీ మార్చినాడు పాపం. మార్చినప్పుడల్లా ఇంకాస్త కీచు. "ట్రెబుల్ తగ్గించరా నాయనా, సన్న శబ్దం ఎక్కువైంది" అని ఎంత మొత్తుకున్నా, తగ్గించే ఉండాది అంటాడు. చిరాకేసి మాల్యాద్రి, "వీడితో చెప్పడం చెవిటోడి ముందు శంఖం ఊదినట్టే" అని పెట్టినాడు. అందరం నవ్వుకున్నాం. నవ్వినోళ్ళలో నేనూ ఉన్నా.

పోయిన శనివారం మధ్యాహ్నం సోదిలో చిన్నబాబు ఒక వాయిస్ మెసేజ్ పెట్టినాడు. "మీరెవరూ నమ్మడం లా గదా. నేను వాకిట్లో వల కుట్టుకుంటా ఉండా, లోపల పొయ్యి మీద కుక్కర్ ఉండాది. ఎంతసేపైనా ఒక్క విజిల్ రాలా. మీరే ఇనండి, ఇని చెప్పండి."

విన్నా. కుక్కర్ మోగుతా ఉంది. మామూలుగా కాదు, వీధి చివరికి వినపడేట్టు కూతపెడతా ఉంది. అతని మాటల మధ్యలో కూత, మాటల మీద కూత. గుంపంతా విరగబడి నవ్వింది. "ఏం జోకు వేసినావు అన్నా!" అని మాల్యాద్రి. "కామెడీ టైమింగ్ అంటే ఇది" అని పెంచలకృష్ణ. నవ్వే బొమ్మలు వరసగా పడినాయి. నేనూ ఒకటి పెట్టబోయి, సరదాగా ఇంకోసారి విన్నా.

ఈసారి కూతల వెనక ఇంకో గొంతు దొరికింది. "మామా... మామా, ఆపేదా? నిన్నే మామా." వనజాక్షి. గొణగడం ఏం కాదు, గట్టిగానే పిలుస్తా ఉంది. ఈయన మాట్లాడతానే ఉన్నాడు, ఆమెకి బదులు లేదు. ఆఖర్న ఆమె ఊరుకుంది.

పప్పు మాడటం ఒక గదిలో, కీచు టోన్ ఇంకో గదిలో. రెండూ నా కళ్ళ ముందే ఉన్నాయి ఇన్నాళ్ళు, ఒకదాని పక్కన ఇంకోటి పెట్టి చూడలా. ట్రెబుల్ తగ్గించే ఉందని అతను అబద్ధం చెప్పలా. అతనికి వినపడే మేరకి అది తగ్గే ఉంది!

అన్నకి షాపు అప్పజెప్పి స్కూటీ తీసినా. ముత్తుకూరు దాటేదాకా కరెంటు ప్లాంటు బూడిద లారీల వెనకాల నన్ను నేనే తిట్టుకుంటా పోయినా. ఇసక దారి అయిపోయిన చోట చిన్నబాబు ఇల్లు. వాకిట్లో అటు తిరిగి కూర్చుని వల కుడతా ఉన్నాడు. "చిన్నబాబూ!" అన్నా. తిరగలా. ఇంకా దగ్గరికి పోయి, వీపు వెనక నిలబడి మళ్ళీ పిలిచినా. సూది వలలో దూరతానే ఉంది.

గడపలో వనజాక్షి నిలబడి ఉంది. "ఎదురుగా రా అక్కా" అనింది. "మొహం కనపడితే మాట్లాడతాడు. నామీద కోపం అనుకున్నా ఇన్ని దినాలూ. కుక్కర్ మోగతా ఉంటే మోగలేదని ఇందాక ఫోన్లో చెప్తాడే, అప్పుడు అర్థమైంది. పిలిస్తే పలకడు, పక్కకి తిరిగి పడుకుంటాడు. నాలో ఏం తప్పుందో చెప్పమని ఏడ్చినా కూడా. ఆ ఏడుపు కూడా ఇనపడలేదని నాకేం తెలుసు?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎదురుగా పోయి నిలబడితే ఉలిక్కిపడి లేచినాడు. "అక్కా! చెప్పా పెట్టకుండా వచ్చినావే?" అని నవ్వినాడు. "నడువు నెల్లూరుకి" అన్నా. ఎందుకని అడగలా. వల పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, చొక్కా వేసుకుని వచ్చినాడు. అదే నాకు భయమేసింది. ఒకరి మాటకి లొంగే మనిషి కాదు అతను.

చెవుల ఆసుపత్రిలో అతన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చినారు. శబ్దం వినపడితే నొక్కాల. బయట మెషీను ముందు పరీక్ష చేసే పిల్ల కూర్చుంది, ఆమె పక్కన నేను. ఆమె శబ్దం పంపినప్పుడల్లా చిన్న లైటు వెలుగుతా ఉంది. లావు శబ్దాలకి టక్కున నొక్కినాడు. తర్వాత సన్న శబ్దానికి లైటు వెలిగింది, అతను నొక్కలా. మళ్ళీ వెలిగింది. అద్దంలోంచి నన్నే చూస్తా, ఇంకా మొదలు పెట్టలేదా అన్నట్టు బొటనవేలు మీట మీద సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. నేను చూడలేక గోడకేసి తిరిగినా.

పోయినవి తిరిగి రావు అన్నాడు డాక్టరు. సన్న శబ్దాలన్నీ పోయినాయి, మిగతావి కాపాడుకోవాలంటే ఇంజను దగ్గర కూర్చోకూడదు, ఆర్కెస్ట్రాలో స్పీకర్ల ముందర నిలబడకూడదు. చిన్నబాబు ఆయన నోటి వంకే చూస్తా, అన్నిటికీ తలూపినాడు.

బయటికొచ్చినాక నాకు దుఃఖం కోపంగా తన్నుకొచ్చింది. "ఏం మనిషివి నువ్వు? తెలుసు కదా నీకు? నోరు తెరిచి ఒక్క మాట చెప్పి చావొచ్చు కదా!"

"అనుమానమే అక్కా, గట్టిగా తెలీదు" అన్నాడు. "చెవులా, కుక్కరా, గిటారు యాంపా అని. చెవులు పోయినాయని నా నోటితో నేను ఎట్టా అనేది? ఆర్కెస్ట్రావోళ్ళకి తెలిస్తే ఇంకోణ్ణి పెట్టుకుంటారు. అందుకే మిమ్మల్ని అడిగినా. ప్రతి ఆదివారం అడిగినా గదా టోన్ ఎట్టుండాదని. ఒరే, నీకు ఇనపడటం లేదురా అని ఎవురో ఒకరు అంటారనుకున్నా. తీగలు మార్చమన్నారు, మార్చినా. ఈరోజు కుక్కర్ ఇనిపించినా. అందరూ నవ్వినారు."

నేను మెట్ల మీద కూలబడినా. ఏడుపు ఆగలా. అతనే నా పక్కన కూర్చుని, "ఊరుకో అక్కా, నలుగురూ చూస్తన్నారు" అన్నాడు. కాసేపు రోడ్డు మీద ఆటోలకేసి చూసినాడు. తర్వాత నా వైపు పూర్తిగా తిరిగి, గొంతు తగ్గించి అడిగినాడు.

"టోన్ సంగతి పోనీ అక్కా. పోయిన ఆదివారం క్లిప్పులో ఉండేది నేను కట్టిన బాణీ. మా వనజ కోసం కట్టినా. స్వరం పైకి పోయే చోట వేళ్ళ లెక్క గుర్తు పెట్టుకుని వాయించినా, ఏం పలికిందో నాకు తెలీదు. బాణీ ఎట్టుండాది?"

కీచు మొదలవగానే క్లిప్పు ఆపేసి, పికప్ మీద పోట్లాటకి దిగినోళ్ళం మేం. నేను గానీ, మాల్యాద్రి గానీ, ఆ సారు గానీ ఒక్కరం కూడా ఆ బాణీ చివరిదాకా వినలా. అతను నా పెదాలకేసే చూస్తా కూర్చున్నాడు.