బక్కచిక్కిన సంచి

డిగ్రీ బావకు ఆ పేరు డిగ్రీ ఉన్నందుకు రాలేదు. మావగారి తోలు దుకాణంలో పనిచేసే రోజుల్లో ఆరె పట్టుకునే ముందు దాని గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చేవాడు కాబట్టి వచ్చింది. ఆరె అంటే తోలుకు కన్నం పొడిచే ఇనప ముల్లు. దానికి ఉపన్యాసం అక్కర్లేదు, చేతిలో కాస్త నిదానం చాలు. మావగారు ఈ సంగతి ఆరేళ్ళపాటు చెప్పి చూశారు. చివరికి అల్లుడికి ఆఫీసులో రికార్డు రూము ఉద్యోగం వచ్చిందని విన్నప్పుడు ఆయన ముఖంలో కనిపించింది మాత్రం దుఃఖం కాదని ఆ దుకాణంలో అందరూ ఒప్పుకుంటారు.

వెళ్ళిపోయే ముందు వారం రోజులు కూర్చుని డిగ్రీ బావ తన భార్యకు ఒక భుజం సంచి కుట్టాడు. రెండు సూదుల కుట్టు. ఒకే దారం, రెండు కొసలకూ చెరో సూది, ప్రతి కన్నంలోంచీ రెండూ ఎదురెదురుగా దూరిపోవాలి. ఆ సంచి ముప్పై ఆరేళ్ళు ఆవిడ భుజాన తిరిగింది. ఉద్యోగం ఉన్నంతకాలం రికార్డు రూములో దుమ్ము తిన్న ప్రతి మనిషీ దాని ఘనత వినాల్సి వచ్చింది.

"ఒక్క కుట్టు ఊడలేదండీ. కాస్త ముడుచుకుంది, అంతే. మనిషి తోలు వయసుతో వదులవుతుంది, సంచి తోలు బిగుస్తుంది. అది దాని స్వభావం," అనేవాడు.

పదవీ విరమణ సభలో కూడా ఇదే చెప్పాడు. అప్పుడే టీ వచ్చింది కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. సంచి మిగిలింది. దాన్ని బీరువాలో పెట్టి కళ్ళొత్తుకునే రకం కాదు డిగ్రీ బావ, కూరగాయలకు తీసుకెళ్ళేవాడు. ఒక పొద్దున నడివీధిలో దాని పట్టీ ఊడి చేతిలోకొచ్చింది. తోలు తెగలేదు, కుట్టే వదిలేసింది. బంగాళాదుంపలు తలో దిక్కూ దొర్లాయి. ఒకటి బస్సు చక్రం కిందికి పోయింది. ముప్పై ఎనిమిదేళ్ళ కీర్తి కూడా దాని వెనకే పోయింది.

నిజం చెప్పాలంటే ఆయనకు లోపల్లోపల కాస్త సంతోషమే కలిగింది. ఎన్ని నెలలుగానో ఆయన ఆ దుకాణం ముందునుంచి అక్కర్లేని పనుల మీద నడుస్తున్నాడు. లోపల కిటికీ పక్కన ఒక పీట ఎప్పుడూ ఖాళీగా కనిపించేది. దాని మీద కూర్చోవాలని ఆయన కోరిక. ఇంట్లో చేతులకు పని లేదు. ఉన్న ఒక్క కొళాయినీ మూడుసార్లు బాగుచేసి పూర్తిగా పాడుచేశాడు. రోజంతా మాట్లాడటానికి ఎదురుగా ఒక్క మనిషి లేడు. కానీ ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత వెళ్ళి, పీట ఇమ్మని ఏ ముఖంతో అడగడం? ఇప్పుడు పట్టీ ఒక వంక దొరికింది.

దుకాణం ఇప్పుడు బావమరిదిది. నేల మీద తోలు పేలికలు, గాలిలో మైనం వాసన, బల్ల మీద సగం పూర్తయిన బెల్టులు, అన్నీ అలాగే ఉన్నాయి. బావమరిది జుట్టు మాత్రం లేదు. బల్లకు అవతల అతని భార్య కత్తితో తోలు కోస్తోంది.

"ఏం బావా, దారి తప్పావా?"

"పట్టీ ఊడింది."

"ఊడిందా?" బావమరిది పెళ్ళాం వైపు చూశాడు. ఆమె కోత ఆపింది. "ఒక్క కుట్టూ ఊడదని సభలో చెప్పావట కదా?"

"నీకెవరు చెప్పారు?"

"చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒకాయన బెల్టు కోసం వచ్చాడు. సరే, అక్కడ పెట్టు, కుట్టిస్తా."

"నేనే కుట్టుకుంటాను." డిగ్రీ బావ గొంతు సవరించుకున్నాడు. "ఇదొక్కటే కాదు. రోజూ వచ్చి పనిచేద్దామని. ఆ పీట ఎలాగూ ఖాళీయేగా."

బావమరిది భార్య కత్తి కింద పెట్టింది.

"అన్నయ్యా," అంది బావమరిది భార్య, "ఆరె పట్టుకుంటారా, ఆరె గురించి చెబుతారా?"

"పట్టుకుంటానమ్మా."

"అయితే నాన్న పెట్టిన పద్ధతి ఉంది," అన్నాడు బావమరిది. "పని వదిలేసి పోయినవాడు తిరిగొస్తే, చివరగా కుట్టిందేదో తన చేత్తోనే విప్పాలి. విప్పి మళ్ళీ కుట్టాలి. నిలిస్తే పీట నీది. నిలవకపోతే టీ తాగి ఇంటికి."

డిగ్రీ బావకు అలాంటి పద్ధతి ఏదీ గుర్తులేదు. గుర్తులేదని ఒప్పుకోవడం అసలే చేతకాదు. "తెలుసు, తెలుసు," అని పీట మీద కూర్చున్నాడు. అది మరీ పొట్టిగా ఉంది. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. ఆ మోకాళ్ళ మధ్యే సంచిని బిగించే కర్రపట్టు పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, పక్క కుట్టు మీద చిన్న కత్తి ఆనించాడు.

మొదటి కుట్టు టప్పున తెగింది. రెండోది. మూడోది. పాత దారం ఇంత గట్టిగా ఉన్నందుకు తనను తాను మెచ్చుకున్నాడు. "చూశావా, ఎలా బిగించానో," అన్నాడు. పదకొండో కుట్టు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఇదేంటి, ఇటు వాలింది?"

దస్తూరీ లాగే కుట్టుకూ వాలు ఉంటుంది. ఆరె కుడిచేత్తో పట్టేవాడి కుట్టు ఒకవైపు వాలితే, ఎడమచేతివాడిది రెండోవైపు వాలుతుంది. దుకాణంలో చేరిన మొదటిరోజే మావగారు చెప్పిన మాట ఇది. డిగ్రీ బావది కుడిచెయ్యి. ఈ కుట్లన్నీ ఎడమకు వాలి ఉన్నాయి.

సంచిని తిప్పాడు. రెండో పక్క కూడా అంతే. అడుగున కూడా అంతే. పోగొట్టుకున్న తాళంచెవిని వెతికినట్టు తన కుట్టు కోసం వెతికాడు. చివరికి మూత వెనక, ఏ బరువూ పడనిచోట, నాలుగు వేళ్ళ మేర కుడికి వాలి, వదులుగా, దారం పీచులేచిన వరస ఒకటి కనిపించింది. అదీ ఆయన ముప్పై ఎనిమిదేళ్ళ కీర్తి.

"మీ అక్కది ఎడమచేతి వాటం," అన్నాడు నెమ్మదిగా.

"అవును. ఇప్పుడు తెలిసిందా?"

"ఎప్పుడు కుట్టింది?"

"ఏడాదికోసారి. కొన్నేళ్ళు రెండుసార్లు. నువ్వు ఆఫీసుకు పోగానే వచ్చేది, ఈ పీట మీదే కూర్చునేది. కాళ్ళు అందట్లేదని పీట కోళ్ళు కూడా కోయించింది. ఒక్కోసారి ఒక్కోచోట నీ కన్నాలు పిగిలిపోయి ఉండేవి. ఆ అంచు కోసేసి, లోపలగా కొత్త వరస పొడిచి కుట్టేది."

"అంచు కోసేదా?"

"కోయకుండా ఎలా కుడుతుంది?"

"అంటే సంచి..."

"తోలు ముడుచుకోదు బావా," అన్నాడు బావమరిది, చాలా మర్యాదగా. "కోస్తే తగ్గుతుంది."

అప్పటిదాకా ఆపుకున్న నవ్వు ముందు బావమరిది భార్యకే వచ్చింది. "ఇంకో పదేళ్ళు నేను బతికితే ఇందులో తాళంచెవి తప్ప ఏదీ పట్టదు, అనేది వదిన."

డిగ్రీ బావ కూడా నవ్వబోయాడు. నవ్వు సగం దాకా వచ్చి ఇంకో దారి పట్టింది. కళ్ళజోడు మళ్ళీ తుడుచుకోవాల్సి వచ్చింది. వాళ్ళిద్దరూ ఆ కాసేపూ బెల్టుల పనిలో మహా తీరికలేనట్టు ఉండిపోయారు. అదీ ఒక ఉపకారమే.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు చివరికి.

"చెప్పొద్దని మాట తీసుకుంది. చూపించొద్దని తీసుకోలేదు."

"అయితే ఆ పద్ధతి మావయ్య పెట్టింది కాదన్నమాట."

"నువ్వు గుమ్మం ఎక్కుతుంటే పెట్టాను. ఊ, కానీ. పద్ధతి పద్ధతే. మిగతాది విప్పు."

డిగ్రీ బావ కత్తి బల్ల మీద పెట్టేశాడు. "విప్పను."

"మరి పీట?"

ఆయన కిటికీ వైపు చూశాడు. ఇంట్లో కారుతున్న కొళాయి గుర్తొచ్చింది. "పోనీ. టీ ఇప్పించు, తాగి పోతాను."

బావమరిది సంచి అందుకుని, తెగిన చోట వేలితో రాసి చూశాడు. "పదకొండు తెంపావు. ఆ పదకొండూ, ఆ పట్టీ. అంతవరకు కుట్టు. నిలిస్తే చూద్దాం. కానీ అక్క వరస పక్కన నీది ఎదురు వాలితే మాత్రం నేను ఒప్పుకోను. చూసినవాడు దుకాణాన్ని తిడతాడు."

"ఎదురు వాలకుండా ఎలా?"

"ఎడమచేత్తో."

అరవై ఆరేళ్ళ మనిషి ఎడమచేత్తో ఆరె పట్టుకుంటే చూడాలి. మూడు కన్నాలు తోలులో పొడిస్తే నాలుగోది బొటనవేలిలో పొడిచాడు. రికార్డు రూములో వినపడని మాటలు కొన్ని ఆ గదిలో వినపడ్డాయి. బావమరిది భార్య వేలికి గుడ్డ చుట్టి, "ఉపన్యాసమే నయం కదా అన్నయ్యా," అంది. పదకొండు కుట్లకు మధ్యాహ్నం దాటింది. పట్టీ కుట్టాక బావమరిది ఒక్క లాగు లాగితే అది చేతిలోకి వచ్చేసింది. మాట్లాడకుండా తిరిగిచ్చాడు. డిగ్రీ బావ కూడా మాట్లాడలేదు. ఆయన జీవితంలో అది కొత్త విషయం. దారానికి మళ్ళీ మైనం పట్టించి, మళ్ళీ మొదలుపెట్టాడు.

సాయంత్రం సంచిలో బరువు వేసి చూద్దామన్నారు. పెద్ద సుత్తి పట్టలేదు, అంతగా తగ్గిపోయింది సంచి. చిన్న ఇనప దిమ్మెలు రెండు కుక్కారు. బావమరిది పట్టీ పట్టుకుని పైకెత్తి, ఊపి, ఇంకోసారి ఊపాడు. కుట్లు పళ్ళు వచ్చే పిల్లాడి చిగుళ్ళలా ఎగుడుదిగుడుగా ఉన్నాయి. అన్నీ ఎడమకే వాలాయి. ఒక్కటి కదల్లేదు.

"అక్క చూస్తే విప్పి మళ్ళీ కుట్టేది," అన్నాడు బావమరిది.

"అంచు కూడా కోసేది," అన్నాడు డిగ్రీ బావ.

"రేపు పదింటికి రా. పదంటే పది. ఇది ఆఫీసు కాదు." పీట వైపు చూపించాడు. "నీకు పొట్టిగా ఉన్నట్టుంది. కోళ్ళు మార్పించనా?"

డిగ్రీ బావ గడ్డం కింది మోకాళ్ళ మీద చేతులాన్చి, రెండు ప్రయత్నాల్లో పైకి లేచాడు.

"వద్దు," అన్నాడు. "నేనే ముడుచుకుంటాను."