గంగాధరం వేసిన కట్టు

చిత్తూరులో వెదురు కొట్టు పెట్టుకున్న గంగాధరం లెక్కలో మనుషులు రెండే రకాలు: సరుకు తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు. మొదటి రకంలో ఆయన ఒక్కడే ఉండేవాడు.

విరిగిన నిచ్చెనకు ఆయన వేసే కట్టు ఊళ్లో అందరికీ తెలుసు. విరిగినచోట రెండు పక్కలా లావుపాటి వెదురు బద్దలు పెట్టి, తాడు తడిపి బిగించేవాడు. కొన్నాళ్లకు నిచ్చెన మళ్లీ విరిగేది. కట్టు దగ్గర కాదు, కట్టు అయిపోయిన చోట. మోసుకొచ్చి చూపించినవాడితో గంగాధరం గల్లాపెట్టె ముందు నుంచి లేవకుండానే, "నా కట్టు తెగినాదా, సూడప్పా. తెగలేదు గదా" అనేవాడు. అది నిజమే కాబట్టి వచ్చినవాడు తల గోక్కుని, పక్కన ఇంకో కట్టు వేయించుకుని పోయేవాడు. ఇలాంటి బుర్రలు ఊళ్లో ఉన్నన్నాళ్లూ కొట్టుకు ఢోకా లేదని గంగాధరం నమ్మకం.

ఎనభై నాలుగులో ఆయన బావమరిది జయరామ్, సూళ్లూరుపేటలో చేస్తున్న వర్క్‌షాపు పని అయిపోయి, అక్క రుక్మిణమ్మ ఇంటికి వచ్చి చేరాడు. వెంట తెచ్చుకున్న ఆస్తి ఒక బొమ్మ విమానం. దానికి ఇంజనైనా లేదు. గుట్ట అంచున నిలబడి విసిరితే, గుట్టకు తగిలి పైకి లేచే గాలి మీద తేలుతుంది. చేతిలో రేడియో పెట్టె పట్టుకుని తిప్పుకోవాలి. గద్దలు ఊరికే చేసే పనికి పాలిటెక్నిక్ చదవడం ఎందుకని గంగాధరం నలుగురిలో అడిగి నవ్వించేవాడు.

మద్రాసులో ఇలాంటివి ఎగరేసే క్లబ్బు వాళ్లు ఒక ఆదివారం చూడటానికి వస్తామన్నారు. నచ్చితే జయరామ్ చేత విమానాలు చేయించుకుంటారు. నచ్చకపోతే కొట్లో కూర్చుంటానని జయరామ్ అక్క ఎదుట ఒప్పుకున్నాడు. గంగాధరం అప్పుడే ఒక స్టూలు తుడిపించి పెట్టాడు.

ఇంతలో విమానం బండకు తగిలి ఒక రెక్క విరిగింది. రెక్క లోపల ఈ కొస నుంచి ఆ కొసకు పోయే సన్న చెక్కబద్దే దానికి వెన్నెముక. జయరామ్ విరిగిన ముక్కలను ఏటవాలుగా చెక్కి అతికించాడు. రెండు పక్కలా వేయడానికి బావను వెదురు పేళ్లు అడిగి తీసుకుని, వాటి చివర్లను కాగితమంత పల్చగా గీకి పెట్టుకున్నాడు. మద్రాసు వాళ్లు తిరుపతిలో దర్శనం చేసుకుని వస్తుంటే, వాళ్లను తీసుకురావడానికి శనివారం వెళ్లాడు.

ఆ పేళ్లను చూసి గంగాధరం నొసలు చిట్లించాడు. బొమ్మ విరిగితే కొట్టుకు మనిషి దొరుకుతాడు, లాభమే. కానీ విరిగినచోట గంగాధరం వెదురు కనబడితే మద్రాసు దాకా పరువు పోతుంది. చివర్లు గీకడమేమిటి, తూకంలో కోత పెట్టే కోమటి పని. ఆయన గట్టి బద్దలు రెండు ఏరి, చివర్లు మొండిగానే ఉంచి, వడ్రంగులు వాడే వజ్రం జిగురుతో అతికించి, దారం చుట్టి నిచ్చెనకు వేసినట్టే కట్టు వేశాడు.

ఆదివారం కారు దిగిన జయరామ్ రెక్కను వేలితో తడిమి, కట్టు చివర వేలు ఆపాడు.

"చివర్లు పల్చగా దిగల్ల బావా. ఇట్ల మొండిగా ఆపితే వంపంతా ఆడికొచ్చి నిలస్తాది."

"నా కట్టు విరగదురా."

"నీ కట్టు విరగదు. దాని పక్కన నా రెక్క విరగతాది."

వజ్రం ఎండిపోయింది. ఊడదీస్తే చెక్క కూడా లేచొస్తుంది. మద్రాసు వాళ్లు సాయంత్రానికి తిరిగిపోవాలి. జయరామ్ పైన కాగితం అతికించి, వాళ్లను పలమనేరు దారిలోని గుట్టకు తీసుకుపోయాడు. గంగాధరం ఇస్త్రీ పంచె కట్టుకుని వెనకే వెళ్లాడు.

విసరగానే విమానం లేచింది. అంచు వెంట అటూ ఇటూ తేలుతుంటే మద్రాసు వాళ్లు మాటలు ఆపి తలలెత్తారు. గంగాధరానికి కూడా నోరు కొంచెం తెరుచుకుంది, వెంటనే మూసుకున్నాడు. మలుపులో పెద్ద గాలి కొట్టింది. మంచి రెక్క విల్లులా వంగింది. అతికిన రెక్క కట్టు ఉన్నంతవరకూ రోకలిలా నిలబడి, కట్టు దాటిన చోట టప్పున విరిగింది. విమానం ముళ్లపొదల్లో పడింది.

అందరికన్నా ముందు పరుగెత్తింది గంగాధరమే. విరిగిన రెక్కను ఎత్తి చూపించాడు.

"సూడండయ్యా, కట్టు తెగలేదు."

మద్రాసు వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అరవంలో జయరామ్‌తో ఏదో మర్యాదగా చెప్పి కారెక్కారు. మళ్లీ వస్తామన్న మాట మాత్రం అందులో లేదు.

మరునాడు జయరామ్ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఎండ ఎక్కేసరికి ఒక మేస్త్రీ నిచ్చెన మోసుకొచ్చి దించాడు. కట్టు పక్కన విరిగింది. గంగాధరం గొంతు సవరించుకునేలోపే జయరామ్ లేచాడు.

"కట్టు తెగినాదా, సూడప్పా. తెగలేదు గదా."

మేస్త్రీ తల గోక్కుని, ఇంకో కట్టు వేయమన్నాడు. ఒక్క పూటలో వ్యాపారం ఒంటబట్టింది, గంగాధరం సంతోషించాల్సిందే. జయరామ్ ఆయన వైపు తిరిగాడు.

"సరిగ్గా చెప్పినానా బావా?"

ఎదుటివాడికి బుర్ర లేదనే ఆ చూపు గంగాధరానికి కొత్తది కాదు. గల్లాపెట్టె ముందు కూర్చుని ఏళ్ల తరబడి వచ్చినవాళ్లందరికీ పంచిందే. ఇన్నాళ్లకు ఒకటి తిరిగొచ్చింది. ఆయన తాడు తెస్తానని లోపలికి వెళ్లాడు. తాడు బయట, జయరామ్ కాళ్ల దగ్గరే ఉంది.