సూది వేసిన చెయ్యి

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే అక్కను ఆ ఆసుపత్రి గుమ్మంలోనే ఆపేశారు.

"కాంట్రాక్టు వాళ్లకి ఇక్కడ మంచాల్లేవు" అన్నాడు కాపలావాడు.

మాసిన బట్టల తోపుడుబండిలో అక్కను పడుకోబెట్టి తెచ్చింది చెల్లెలు. టీకా వేయించుకున్న కొన్నాళ్లకు అక్క పాదాలు తిమ్మిరెక్కాయి. తర్వాత మోకాళ్లు పట్టు తప్పాయి. ఇప్పుడు మాట ముద్దముద్దగా వస్తోంది.

"నరాల జబ్బు. టీకా తర్వాత లక్షల్లో ఏ ఒక్కరికో వస్తుంది. వెంటనే వైద్యం అందితే చాలామంది లేచి నడుస్తారు" అని చిన్న డాక్టరమ్మ గుసగుసగా చెప్పి, పైవాళ్ల భయంతో లోపలికి తప్పుకుంది.

సూది వేయించుకోనిదే పనిలోకి రావద్దన్న కాంట్రాక్టరే ఇప్పుడు దగ్గరికొచ్చాడు. "ఇది ముందునుంచీ ఉన్న రోగమని నలుగురిలో చెప్పు. మంచం నేనిప్పిస్తా."

మాటే కదా, పోయేదేముంది? అక్క బతుకుతుంది. చెల్లెలు నోరు తెరవబోయింది.

"వద్దే... రేపు ఇంకొకతికొస్తే..." అంది అక్క. మిగతాది ఊపిరి చాలక ఆగిపోయింది.

డాక్టరమ్మను పిలిచి, అక్కను చూస్తుండమని బతిమాలి, చెల్లెలు ఉతుకుడు షెడ్డుకు పరిగెత్తింది. "మిషన్లు ఆపండి! అక్కను గుమ్మంలోనే ఆపేశారు!"

"ఆ పాడు సూది వద్దని నేనప్పుడే మొత్తుకున్నా!" అంది ఇస్త్రీ వదిన.

"కిందటేడు సూది లేనప్పుడు జ్వరంతో పోయినవాళ్లను ఈ షెడ్డులోంచి ఎంతమందిని మోశామో మర్చిపోయావా?" కసిరింది పెద్దమ్మ. "సూది ప్రాణం నిలబెట్టేదే. పడిపోయిన మనిషిని పెంటమీద పారేయడమే పాపం."

"మరి లోపలి రోగులో? వాళ్లూ మనలాంటోళ్లేగా?" అందొకామె.

"ఇద్దరు ఉండి వార్డుల బట్టలు ఉతకండి. మిగతావాళ్లు నాతో పదండి!" అంది చెల్లెలు.

సబ్బునురగ చేతులతోనే అందరూ గుమ్మాన్ని ముట్టడించారు. కాపలావాడు పక్కకు నక్కాడు. డాక్టరమ్మా చెల్లెలూ బండిని లోపలికి తోశారు.

కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. పొద్దుగూకేసరికి అక్క ఊపిరి ఆగింది.

మర్నాడూ షెడ్డువాళ్లతో గుమ్మం ముందే కూర్చున్న చెల్లెలి కోసం పోలీసు వ్యాను వచ్చింది.

"మంచం ఇచ్చారుగా, ఇంకా ఈ గొడవేంటి?" అన్నాడు ఎస్సై.

"ప్రాణం పోయేముందు ఇచ్చారు సార్. ఇంకొకరికి అంత ఆలస్యం కాకూడదనే ఈ గొడవ."

రెక్క పట్టి ఆమెను ఎక్కించారు. వ్యానులోంచే ఏడుస్తూ అరిచింది: "సూది వేసిన చెయ్యే..."

"మంచం వెయ్యాలి!" అంటూ ఇస్త్రీ వదిన వ్యాను చక్రాల ముందు అడ్డంగా పడుకుంది. ఆమె పక్కన పెద్దమ్మ. ఆ పక్కన షెడ్డుకు షెడ్డే.