ముందుగది 11:3

పదకొండేళ్ళ క్రితం ఆ అన్నదమ్ములకు మాటామాటా ఎందుకు పెరిగిందో ఈ కథలో చెప్పడం జరగదు. అన్నగారు ఆ సంగతి ఎవరితోనూ చర్చించలేదు. ఆయన భార్యకు తెలుసు గాని, ఆమె కూడా పెదవి విప్పలేదు. కనుక మనం అడగకపోవడమే మర్యాద.

అన్నగారు బైబిలు వ్యాఖ్యాత. చిన్నచిన్న సంఘాల బోధకులు ఆయన రాసి పంపే వివరణల మీదనే ఆధారపడేవారు. రోజూ ఉదయం ఆరున్నరకు ఆయన బల్ల ముందు కూర్చుని, పాత కంప్యూటరులో బైబిలు అధ్యయనపు సాఫ్ట్‌వేర్ తెరిచేవారు. ఒక మాట టైపు చేస్తే అది గ్రంథంలో ఎక్కడెక్కడ వచ్చిందో, మూలభాషలో దాని రూపమేమిటో చూపేది. పక్కనే ఆయన పందొమ్మిదేళ్ళుగా రాసుకున్న గమనికలు ఉండేవి. ప్రాచీన ప్రతుల్లో చెరిగిపోయిన చోట "ఇక్కడ అక్షరాలు లేవు" అని రాసి ఆయన ముందుకు సాగేవారు. ఊహించి పూరించిన బోధకుణ్ణి మాత్రం వదిలేవారు కారు.

"దేవుడు రాయనిది నువ్వు రాశావా?" అని ఫోనులోనే కడిగేసేవారు.

ఆ సాఫ్ట్‌వేర్‌లో బైబిలు చివరిదైన ప్రకటన గ్రంథం అయిపోగానే వంటగది మొదలయ్యేది. ఆ తరువాత పడకగది, ముందుగది. ఇంట్లో ఎవరేమన్నా, ఆ మాట పలికిన గది పేరు మీద, అధ్యాయం, వచనం సంఖ్యలతో దానంతటదే అందులో చేరేది. వస్తువు కనిపించకపోతే ఆయన భార్య అక్కడే వెతుక్కునేది. "వంటగది 6:14. క□ర కు□మిషను కింద ఉంది" అని వచ్చేది. ఆ పాత సిస్టమ్‌కు తెలుగు ఒత్తులు రావు. ఒత్తున్న అక్షరం ప్రతిదీ ఖాళీ డబ్బాగా కనిపించేది. గ్రంథభాగంలో అనుమానం వస్తే పక్కన అచ్చు పుస్తకం ఉంది. గదులకు అచ్చు ప్రతి లేదు.

ఆ నెలలో రెండు సంగతులు జరిగాయి. మొదటిది, కంప్యూటరు రోజుకు నాలుగుసార్లు దానంతటదే ఆరిపోవడం. రెండవది, తమ్ముడి ఉత్తరం.

"అన్నయ్యా, నెలాఖరుకు ఓడలో పనికి పోతున్నాను. ఆ పైన నాకంటూ ఒక చిరునామా ఉండదు. ఆ రోజు గుమ్మంలో నేనన్న మాట నీ కంప్యూటరులో ఉండే ఉంటుంది. ఒక్కసారి చూసి, నేను ఆ ఇంటికి మళ్ళీ రావచ్చో లేదో రాయి."

వ్యాఖ్యాత దాన్ని మడిచి, కవరుతో సహా కీబోర్డు కింద పెట్టారు. చూడవలసిందేమీ లేదు. తగవు జరిగిన సాయంత్రమే ఆయన చూశారు. ఆనాడు ఆయన పడకగదిలో ఉన్నారు, తమ్ముడి మాట చెవిన పడలేదు. సాఫ్ట్‌వేర్ మాత్రం "ముందుగది 11:3. వె□□ను అ□□" అని చూపింది. ఆయన దాని పక్కన "వెళ్తున్నాను అన్నయ్యా" అని గమనిక రాసి, ముందు తలుపుకు గడియ వేశారు. అప్పటినుంచి అందరూ పక్కసందు తలుపు గుండానే వస్తున్నారు.

సందులోంచి ఆయన బావమరిది వచ్చాడు. అతనికి కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది.

"అక్కా, మీ ఇంటి ముందు తలుపు గోడ మీద వేసిన బొమ్మా ఏమిటి? ఈ సందులో నా పొట్ట పట్టడం లేదు."

"పొట్ట తగ్గించుకోరా. తలుపు సంగతి ఎత్తకు," అంది ఆమె.

అతను కంప్యూటరు మూత విప్పి పెదవి విరిచాడు. "బావగారూ, దీని పని అయిపోయింది. ఈ సిస్టమ్‌ను తయారుచేసినవాళ్ళే వదిలేశారు. కొత్తది వేయాల్సిందే."

"కొత్తదాని మీద నా సాఫ్ట్‌వేర్ నడుస్తుందా?"

"నేరుగా నడవదు. మధ్యలో ఇంకొకటి పెట్టి నడిపిస్తాను."

"ఒక్క గమనిక పోయినా ఊరుకోను."

"మీరు ఊరుకున్నదెప్పుడు బావగారూ!"

పని రెండు రోజులు పట్టింది. ఇరవై తొమ్మిదో తేదీ ఉదయం తెర మీద సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. ఆదికాండం నుంచి అక్షరం చెక్కుచెదరలేదు. ఆయన భార్య ముందుకు వంగి చూసింది.

"ఒరేయ్, కత్తెర మొత్తం కనబడుతోందిరా! డబ్బాలేవీ?"

"కొత్త సిస్టమ్‌కు తెలుగు వచ్చక్కా."

వ్యాఖ్యాత ఒక కాగితం తీశారు. తమ్ముడికి సంఖ్యతో సహా ఆ వచనం రాసి పంపి, ఈ విషయం ముగించాలని ఆయన ఉద్దేశం. ముందుగది పదకొండో అధ్యాయంలో "వెళ్తున్నాను" అని వెతికారు.

ఫలితాలు లేవు.

"మా ముందుగదిని పోగొట్టావు," అన్నారు ఆయన.

"పోలేదు బావగారూ, అన్నీ ఉన్నాయి. అధ్యాయం తెరిచి చూడండి."

ఆయన తెరిచారు. మూడో వచనం పూర్తిగా ఉంది.

"వెళ్ళొస్తాను అన్నయ్యా."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. వేలితో తెర మీద అక్షరాలు లెక్కపెట్టారు. మొదటి మాటలో ఒత్తులున్నవి రెండు. తాను పూరించిన మాటలోనూ రెండే. లెక్క సరిపోయింది కనుకనే అనుమానం రాలేదు. పాత గమనికను చెరిపి, దాని స్థానంలో "ఇక్కడ అక్షరాలు లేనప్పుడు వ్యాఖ్యాత ఊహించి పూరించాడు. తప్పు." అని టైపు చేశారు. కాగితం తెల్లగానే ఉండిపోయింది.

"జవాబు రాయరా?" అని అడిగింది భార్య. "రేపటితో నెల ఆఖరు."

"ఉత్తరం ఎల్లుండికి గాని చేరదు," అని ఆయన లేచి ముందు తలుపు దగ్గరకు వెళ్ళారు. గడియ తుప్పుపట్టి బిగుసుకుపోయింది.

"నూనె ఉందా?" అని అడిగారు బావమరిదిని.

అతను ఈసారి హాస్యమాడలేదు. సంచిలోంచి నూనెబుడ్డి, సుత్తి తీసి ఇచ్చాడు. నాలుగో దెబ్బకు గడియ జరిగింది. తలుపు కిర్రుమంటూ తెరుచుకుని, పదకొండేళ్ళ దుమ్ము ఆయన చొక్కా మీద రాలింది. ఆయన దులుపుకోలేదు.

గుమ్మం దాటబోతూ ఏదో గుర్తొచ్చి వెనక్కు వచ్చారు. కీబోర్డు కింది ఉత్తరాన్ని తీసి జేబులో పెట్టుకున్నారు. తమ్ముడి చిరునామా ఆయనకు తెలియదు, అది కవరు వెనక రాసి ఉంది. ఆ ఉత్తరానికి జవాబు మాత్రం ఆయన ఏనాడూ రాయలేదు.